ఇద్దరికీ అదే నీరసం, అదే ఆయాసం: రిపోర్టులో తేడా ఎక్కడ చూడాలి?

పీహెచ్‌సీ_డ్యూటీ:
అరకు వైపు పీహెచ్‌సీ నుంచి అడుగుతున్నాను. రెండు సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులు పక్కపక్కన పెడుతున్నాను. ఇద్దరూ ఆడవాళ్ళే. ఇద్దరిదీ ఒకటే మాట: నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కనురెప్ప కిందికి లాగి చూస్తే ఇద్దరికీ పాలిపోయే ఉంది.

మొదటామె వయసు 23, తొమ్మిదో వారం గర్భం. హిమోగ్లోబిన్ 10.4, ఎర్రకణాలు 54 లక్షలు, ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 64, ఎంసీహెచ్ (ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్) 19.3, ఆర్‌డీడబ్ల్యూ (కణాల పరిమాణాల్లో తేడా) 15.8.

రెండో ఆమె వయసు 38. హిమోగ్లోబిన్ 8.1, ఎర్రకణాలు 40 లక్షలు, ఎంసీవీ 68, ఎంసీహెచ్ 20.2, ఆర్‌డీడబ్ల్యూ 21.

ఇలాంటివి కనబడితే ఐరన్ మాత్రలు రాసేయడం అందరికీ అలవాటైపోయింది. మొదటామె గర్భానికి ముందే రెండు నెలలు మింగింది, ఏమీ మారలేదు. హెచ్‌పీఎల్‌సీకి (హిమోగ్లోబిన్ రకాలను విడదీసే పరీక్ష) విశాఖ పంపితే వాళ్ళకు ఒక రోజు కూలి పోతుంది. ఎవరిని పంపాలి, ఎవరిని ఇక్కడే చూసుకోవచ్చు?

స్లైడ్‌బల్ల:
హిమోగ్లోబిన్ గడి వదిలేసి ముందు ఎర్రకణాల సంఖ్య చూడండి డాక్టర్ గారూ. మొదటామెకు రక్తం తక్కువే, కానీ కణాలు 54 లక్షలు. ఇనుము లేని మూలుగ (ఎముక మజ్జ) అన్ని కణాలు తయారుచేయలేదు. ముడిసరుకే లేనప్పుడు కణం చిన్నదవుతుంది, సంఖ్యా పడిపోతుంది. బీటా థలసీమియా క్యారియర్‌లో (ఆ వంశపారంపర్య జబ్బు జన్యువు ఒక్కటే ఉన్న మనిషిలో) ఇనుముకు లోటు లేదు, హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ ప్రోటీన్ గొలుసే సరిగా తయారవదు. అందుకని మూలుగ చిన్న చిన్న కణాలను ఎక్కువ సంఖ్యలో వదులుతుంది.

1973 నుంచీ వాడుకలో ఉన్న మెంట్జర్ లెక్క ఇదే: ఎంసీవీని మిలియన్లలో ఉన్న ఎర్రకణాల సంఖ్యతో భాగించాలి. మొదటామెకు 64ను 5.4తో భాగిస్తే 11.9. రెండో ఆమెకు 68ను 4తో భాగిస్తే 17. 13 కంటే తక్కువైతే థలసీమియా క్యారియర్ వైపు, ఎక్కువైతే ఇనుము లోపం వైపు మొగ్గు. ఆర్‌డీడబ్ల్యూ కూడా అదే చెబుతోంది. 21 అంటే కణాలు చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయి, నిల్వలు అడుగంటుతున్నకొద్దీ పుట్టిన కణాలవి.

ఇది మొగ్గు మాత్రమే, తీర్పు కాదు. రెండూ ఒకే మనిషిలో ఉంటే లెక్క తప్పుతుంది, ఏజెన్సీలో ఆ కలయిక అరుదేమీ కాదు. మొదటామెను తప్పకుండా పంపండి. గర్భం ఉంది కాబట్టి ఇది వారాలతో పందెం: భర్తలో కూడా లోపం ఉంటే కడుపులోని బిడ్డకు పరీక్ష చేయించాలి.

జనరల్‌మెడిసిన్_గాజువాక:
రెండో ఆమెను పంపక్కర్లేదు. ముట్టు ఎన్ని రోజులు, గడ్డలు పడుతున్నాయా, రోజుకు ఎన్ని గుడ్డలు మారుస్తోంది అని అడగండి. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగే మనిషైతే కొంకిపురుగులు ఉంటాయనే అనుకుని అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒక్క మోతాదు ఇవ్వండి. ఐరన్ మొదలుపెట్టండి. వారం, పది రోజులకు రెటిక్ కౌంట్ (కొత్తగా పుట్టిన ఎర్రకణాల లెక్క) పెరగాలి. నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరిగితే రోగనిర్ధారణ, వైద్యం ఒకేసారి అయిపోయినట్టే. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక ఇంకో మూడు నెలలు మాత్ర ఆపకూడదు, నిల్వలు నిండాలి.

పెరగకపోతే మందు పని చేయలేదనే ముందు టీ సంగతి అడగండి. మాత్ర మింగిన గంటలోపు టీ తాగితే ఇనుము పేగులోకి ఎక్కదు. మలం నల్లబడిందా అని కూడా అడగండి. నల్లబడలేదంటే మాత్ర మింగడం లేదనే చాలాసార్లు అర్థం.

స్లైడ్‌బల్ల:
ఐరన్ ఇచ్చి చూద్దాం అనే పద్ధతి రెండో ఆమెకు ఒప్పుకుంటాను, మొదటామెకు ఒప్పుకోను. నాలుగు వారాలు ఆగితే ఆమె పదమూడో వారంలోకి వెళ్ళిపోతుంది. ఇంకొకటి: మగవాళ్ళలో, ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఇనుము లోపం కనబడితే మాత్రతో ఆగకూడదు. పేగులో ఎక్కడో రక్తం కారుతోందన్నట్టే లెక్క. ఎండోస్కోపీ చేసి పుండో, గడ్డో వెతకాలి.

మధురవాడ_ల్యాబ్:
శాంపిల్ పంపే పద్ధతి గురించి చెప్తాను, సగం తప్పులు అక్కడే జరుగుతాయి.

ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం) ట్యూబులో గీత దాకా రక్తం పోసి, వెంటనే నెమ్మదిగా ఎనిమిది నుంచి పది సార్లు తలకిందులు చేయాలి. ఊపకూడదు. రక్తం తక్కువ పోస్తే ఈడీటీఏ ఎక్కువై కణాలు ముడుచుకుపోతాయి. అరకు నుంచి శృంగవరపుకోట మీదుగా విశాఖకు నూరు కిలోమీటర్ల పైమాటే, ఎండాకాలం ఆటోలో, బస్సులో ఆ ట్యూబు ఉడికిపోతుంది. బయటి వేడిలో 24 గంటలు దాటిన శాంపిల్‌లో కణాలు ఉబ్బి ఎంసీవీ ఎక్కువగా కనబడుతుంది. 72 ఉండాల్సింది 78 అని వచ్చి కేసు చేజారుతుంది. అందుకని సీబీపీ అక్కడే చేసి ప్రింటు తీసి పంపండి. హెచ్‌పీఎల్‌సీకి మాత్రం ట్యూబును ఐస్ ప్యాక్‌తో పంపవచ్చు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య వారం వరకు నిలుస్తుంది. ఐస్‌కు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డో కాగితమో పెట్టండి, గడ్డకడితే కణాలు పగిలిపోతాయి.

స్లయిడ్లు రెండు అక్కడే వేయండి. మన విశాఖ తేమతో ఒక చిక్కు ఉంది. స్మియర్ (స్లయిడ్ మీద పూసిన రక్తం) నెమ్మదిగా ఆరినా, మెథనాల్ సీసా మూత వదులై గాలిలోని తేమ పీల్చుకున్నా, ఎర్రకణాల మధ్యలో మెరిసే అంచుతో తెల్లటి గుంటలు పడతాయి. కొత్తవాళ్ళు వాటిని చూసి కణాలు వెలవెలబోయాయని రాసేస్తారు. నిజంగా ఇనుము లోపమైతే మధ్య తెల్లదనం అంచువైపు మెల్లగా కలిసిపోతుంది. గిరిగీసినట్టు ఉంటే అది నీటి మచ్చే. స్మియర్ వేసిన వెంటనే ఫ్యాను కింద ఆరబెట్టండి, మెథనాల్‌ను చిన్న సీసాల్లో పోసుకుని వాడండి.

పీహెచ్‌సీ_డ్యూటీ:
హెచ్‌పీఎల్‌సీ లేకుండా ఇక్కడే మొదటి జల్లెడ పట్టే పద్ధతి ఏదైనా ఉందా?

మధురవాడ_ల్యాబ్:
నెస్ట్రాఫ్ట్ ఉంది. 0.36 శాతం బఫర్డ్ సెలైన్ ఒక ట్యూబులో 2 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ ఇంకో ట్యూబులో 2 మిల్లీలీటర్లు. రెండింటిలోనూ 20 మైక్రోలీటర్ల రక్తం వేసి కలిపి అరగంట గది వేడిలో ఉంచాలి. మళ్ళీ ఒకసారి కలిపి, తెల్ల కాగితం మీద గీసిన నల్ల గీత ముందు పట్టుకుని చూడాలి. నీళ్ళ ట్యూబులోంచి గీత స్పష్టంగా కనబడుతుంది. సెలైన్ ట్యూబులో కూడా స్పష్టంగా కనబడితే నెగటివ్. గీత మసకబారినా, కనబడకపోయినా పాజిటివ్: ఆ కణాలు ఆ పలచటి ఉప్పునీటిలో పగలకుండా తట్టుకున్నాయన్నమాట.

తప్పు జరిగేది సెలైన్ దగ్గరే. 1 శాతం బఫర్డ్ స్టాక్ 36 మిల్లీలీటర్లకు డిస్టిల్డ్ వాటర్ 64 మిల్లీలీటర్లు కలిపితే 0.36 వస్తుంది. మూత తీసి ఉంచితే నీరు ఆవిరై గాఢత మారుతుంది. ఇనుము లోపంలో కూడా ఇది పాజిటివ్ వస్తుంది, కాబట్టి ఎవరిని పంపాలో చెబుతుందే గాని జబ్బు పేరు చెప్పదు.

స్లైడ్‌బల్ల:
హెచ్‌పీఎల్‌సీ కాగితం చేతికొచ్చాక కూడా జాగ్రత్త అవసరం. హెచ్‌బీ ఏ2 (మామూలుగా కొద్దిగానే ఉండే ఒక రకం హిమోగ్లోబిన్) 4 శాతం పైన ఉంటే బీటా క్యారియర్ అని ధైర్యంగా అనవచ్చు. 3.5కూ 4కూ మధ్య ఉంటే తొందరపడకూడదు. బాగా ముదిరిన ఇనుము లోపం ఏ2ను కిందికి లాగుతుంది, క్యారియర్ కూడా మామూలుగా కనబడతాడు. బీ12 లోపం దాన్ని కొంచెం పైకి నెడుతుంది. అనుమానం ఉంటే ఇనుము నింపి, మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించాలి. గర్భిణి విషయంలో అలా ఆగకుండా భర్తకు చేయించేయాలి.

ఏ2 గడిలో 25, 30 శాతం అని వస్తే అది ఏ2 కాదు. హెచ్‌బీ ఇ అనే ఇంకో రకం హిమోగ్లోబిన్ కూడా గ్రాఫులో అదే చోట బయటపడుతుంది. తూర్పు, ఈశాన్య రాష్ట్రాల నుంచి పనికొచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు విశాఖలో చాలా ఉన్నాయి కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఏ2 మామూలుగా ఉండి, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వల కొలత) మామూలుగా ఉండి, ఎంసీవీ 70 దగ్గరే నిలిచిపోయినవాళ్ళు ఆల్ఫా థలసీమియా క్యారియర్లు కావచ్చు. అది హెచ్‌పీఎల్‌సీకి దొరకదు, డీఎన్ఏ పరీక్షకే దొరుకుతుంది. గిరిజన కుటుంబాల్లో ఇది తరచుగా ఉంటుంది. ఇలాంటివాళ్ళకు ఏళ్ళ తరబడి ఐరన్ ఇస్తూ పోతుంటే నిజంగా బాధ కలుగుతుంది, వాళ్ళకు లేని లోపానికి మందు అది.

జనరల్‌మెడిసిన్_గాజువాక:
ఫెరిటిన్ గురించి ఒక మాట. 15 కంటే తక్కువైతే ఇనుము లోపం ఖాయం. 30 లోపు ఉన్నా చాలావరకు అదే. కానీ జ్వరం, కీళ్ళవాపు, క్షయ ఉన్నవాళ్ళలో ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది. 60 వచ్చినా నిల్వలు ఖాళీగా ఉండవచ్చు. అందుకే ఫెరిటిన్ రాసిన చీటీ మీదే సీఆర్‌పీ (ఒంట్లో వాపును పట్టే పరీక్ష) కూడా రాయండి. దీర్ఘకాలిక జబ్బుతో వచ్చే రక్తహీనతలో సీరం ఐరన్ తక్కువే ఉంటుంది, టీఐబీసీ (రక్తం ఇనుమును మోయగల సామర్థ్యం) మాత్రం పెరగదు. ఇనుము లోపంలో టీఐబీసీ పెరిగి, సాచురేషన్ (ఆ సామర్థ్యంలో ఇనుముతో నిండిన వంతు) 16 శాతం లోపుకు పడిపోతుంది. సీరం ఐరన్‌కు పొద్దున పరగడుపున రక్తం తీయాలి, ముందు రోజు మాత్ర ఆపాలి. లేకపోతే మింగిన మాత్రే రిపోర్టులో కనబడుతుంది.

పిల్లలవార్డు:
అరకు, పాడేరు అన్నాక సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) గురించి మాట్లాడకుండా ఈ చర్చ ముందుకు పోకూడదు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళలోపు వాళ్ళందరినీ పరీక్షించమన్నారు. పీహెచ్‌సీ స్థాయిలో చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. ద్రావణంలో 20 మైక్రోలీటర్ల రక్తం వేసి ఐదు నిమిషాలకు వెనక గీతలు కనబడుతున్నాయో లేదో చూస్తారు. మబ్బుగా ఉంటే పాజిటివ్.

ఇది మోసం చేసే చోట్లు ఇవీ. ఆరు నెలల లోపు పాపకు ఇంకా హెచ్‌బీ ఎఫ్ (కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్) ఎక్కువ కాబట్టి నెగటివ్ వస్తుంది. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువైతే వేసిన రక్తంలో సరుకే చాలదు, మళ్ళీ నెగటివ్. అప్పుడు రక్తం రెండింతలు వేసి చేయాలి. ఈమధ్యే రక్తం ఎక్కించి ఉంటే ఆ ఫలితం నమ్మకూడదు. ద్రావణంలో కలిపే డైథయోనైట్ పొడి తేమకు పాడవుతుంది, పాజిటివ్ కంట్రోల్ పెట్టకుండా ఆ రోజు పరీక్ష మొదలుపెట్టవద్దు. పాజిటివ్ వచ్చినా క్యారియరా, జబ్బా అన్నది ఇది చెప్పదు.

హెచ్‌పీఎల్‌సీలో హెచ్‌బీ ఏ (మామూలు హిమోగ్లోబిన్) ఎక్కువ, ఎస్ (సికిల్ హిమోగ్లోబిన్) 35 నుంచి 40 శాతం ఉంటే క్యారియర్. ఏ అసలు లేకుండా ఎస్ ఎక్కువగా ఉంటే రెండు దారులు: ఎస్ఎస్ (తల్లిదండ్రులిద్దరి నుంచీ ఎస్ వచ్చిన సికిల్ జబ్బు), లేదా సికిల్ బీటా థలసీమియా (ఒకరి నుంచి ఎస్, ఇంకొకరి నుంచి బీటా థలసీమియా). ఎంసీవీ 65, 70 మధ్య ఉండి, ఏ2 4 దాటి ఉంటే రెండోదాన్ని అనుమానించాలి. ఆల్ఫా థలసీమియా కలిస్తే ఎస్ఎస్‌లో కూడా ఎంసీవీ తగ్గుతుంది కాబట్టి తల్లిదండ్రులిద్దరి సీబీపీ, హెచ్‌పీఎల్‌సీ చూడకుండా పేరు రాయకూడదు. తల్లిలో ఎస్, తండ్రిలో చిన్న కణాలు, ఎక్కువ ఏ2 ఉంటే చిక్కు విడిపోయినట్టే.

లక్షణాల దగ్గర ఎక్కువగా పొరబడేది రుమాటిక్ జ్వరంతో. పిల్లాడికి కీళ్ళనొప్పి, జ్వరం, గుండెలో మర్మర్: మూడూ రెండు జబ్బుల్లోనూ ఉంటాయి. ఏడాది నిండని బిడ్డకు రెండు చేతులూ, పాదాలూ ఉబ్బి ఏడుస్తుంటే దెబ్బ తగిలిందని కట్టు కట్టకండి, సికిల్ పరీక్ష చేయించండి.

క్యాజువాలిటీ_రాత్రి:
సందర్భం కొంచెం వేరు. వానాకాలంలో ప్లేట్‌లెట్లు 22 వేలు అని రాగానే డెంగ్యూ అని చేర్చుకుంటున్నారు. డెంగ్యూ కానివాటిని ఎలా ఏరాలి?

స్లైడ్‌బల్ల:
ముందు ఆ 22 వేలు నిజమా అని చూడాలి. చర్మం మీద ఒక్క చుక్క లేదు, చిగుళ్ళు శుభ్రంగా ఉన్నాయి, మనిషి కులాసాగా కూర్చున్నాడంటే ఈడీటీఏ వల్ల ప్లేట్‌లెట్లు గుంపు కట్టి ఉండవచ్చు. స్మియర్ అంచుల్లో ఆ గుంపులు కనబడతాయి. నీలి మూత సిట్రేట్ ట్యూబులో మళ్ళీ తీసి, వచ్చిన అంకెను 1.1తో గుణించండి. ఇది చేయకుండా ప్లేట్‌లెట్ బ్యాగు ఎక్కించడం ఘోరం.

నిజంగా తక్కువైతే మిగతా గడులు చూడాలి. డెంగ్యూలో తెల్లకణాలు తగ్గుతాయి, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) పెరుగుతుంది, కాలేయ ఎంజైముల్లో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీ కంటే ఎక్కువ పెరుగుతుంది, జ్వరం దిగేటప్పుడు ప్లేట్‌లెట్లు అడుగుకు చేరతాయి. చలిజ్వరమైతే మలేరియా స్లయిడ్ తప్పనిసరి. ఒంటి మీద నల్లటి పొక్కు మచ్చ ఉంటే స్క్రబ్ టైఫస్ గుర్తుకు రావాలి. జ్వరం లేదు, హిమోగ్లోబిన్, తెల్లకణాలు మామూలే, ప్లీహం తగలదు, ప్లేట్‌లెట్లు ఒక్కటే పడిపోయాయంటే ఐటీపీ (ఒంటి రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు). కానీ మిగతావన్నీ తోసేశాకే ఆ పేరు పెట్టాలి.

రక్తనిధి_బల్ల:
టీటీపీని (చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు ఖర్చయిపోయే జబ్బు) వేరుగా చెప్పాలి, అక్కడ పొరపాటుకు ప్రాణమే మూల్యం. ప్లేట్‌లెట్లు 20 వేల లోపు, హిమోగ్లోబిన్ పడుతోంది, ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే రక్తంలో పెరిగే ఎంజైము) వెయ్యి దాటింది, మనిషి తికమకగా మాట్లాడుతున్నాడు, రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ, ఏపీటీటీ మాత్రం మామూలు. స్మియర్‌లో ముక్కలైన ఎర్రకణాలు ఉంటాయి. డీఐసీలో (ఒళ్ళంతా గడ్డకట్టే వ్యవస్థ అదుపు తప్పడం) కూడా ముక్కలు ఉంటాయి గాని పీటీ సాగుతుంది, గడ్డకట్టించే ప్రోటీన్ ఫైబ్రినోజెన్ పడిపోతుంది. తేడా అదే. టీటీపీలో ప్లేట్‌లెట్లు ఎక్కించడం మంచిది కాదు, చిన్న రక్తనాళాల్లో గడ్డలకు అదే ఆజ్యం. ప్రాణాపాయపు రక్తస్రావం ఉంటే తప్ప ఇవ్వరు. కావాల్సింది ప్లాస్మా మార్పిడి, గంటల్లో మొదలుపెట్టాలి. అడామ్స్13 (టీటీపీలో లోపించే ఎంజైము) శాంపిల్ ప్లాస్మా ఇవ్వకముందే సిట్రేట్ ట్యూబులో తీసి ఉంచుకోవాలి. ఫలితం కోసం మాత్రం వైద్యం ఆపకూడదు.

అలాగే ఏ రక్తహీనతకైనా రక్తం ఎక్కించే ముందు ఒక ఈడీటీఏ ట్యూబు, ఒక మామూలు ట్యూబు తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక్క బ్యాగు ఎక్కాక హెచ్‌పీఎల్‌సీ మూడు నెలలు పనికిరాదు, బీ12, ఫెరిటిన్ అంకెలు కలుషితమవుతాయి. రెండు ట్యూబుల శ్రమకు బద్ధకించి కుటుంబాన్ని మూడు నెలలు తిప్పడం అన్యాయం.

క్యాజువాలిటీ_రాత్రి:
మూడు రకాల కణాలూ తగ్గితే? అందరికీ ఎముక మజ్జ పరీక్షేనా?

జనరల్‌మెడిసిన్_గాజువాక:
కాదండీ. మన దగ్గర ముందు బీ12 చూడాలి. ఎంసీవీ 110 దాటి, నాలుక నున్నగా ఎర్రగా, వేలి కణుపులు నల్లబడి ఉంటే దాదాపు తెలిసిపోతుంది. స్మియర్‌లో న్యూట్రోఫిల్ కేంద్రకం ఐదు, ఆరు తమ్మెలుగా విడిపోయి ఉంటుంది. ఎల్‌డీహెచ్ వేలల్లో, కళ్ళలో కాస్త పసుపు. అందుకే చాలామందిని కామెర్లని పసరు మందుకు తీసుకెళ్తారు. రక్తకణాలు పగిలే జబ్బులోనూ ఇదే పసుపు, ఇదే ఎల్‌డీహెచ్. విడదీసేది రెటిక్ కౌంట్: కణాలు పగిలే జబ్బులో పెరుగుతుంది, బీ12 లోపంలో పెరగదు.

బీ12 శాంపిల్ తీశాకే ఇంజెక్షన్. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడి నరాలు దెబ్బతింటాయి, కాళ్ళ తిమ్మిర్లు నడవలేని స్థితికి చేరతాయి. ఇంజెక్షన్ తర్వాత వారంలోగా రెటిక్ ఎగబాకాలి. రక్తం బాగా తగ్గిపోయినవాళ్ళకు మొదటి రోజుల్లో పొటాషియం పడిపోవచ్చు, చూస్తూ ఉండాలి.

స్లైడ్‌బల్ల:
ఎంసీవీ మామూలుగా ఉండి, తెల్లకణాల్లో లింఫోసైట్లే మిగిలి, ప్లీహం తగలకపోతే అప్లాస్టిక్ ఎనీమియా (మజ్జ కణాలను తయారుచేయడం మానేసిన జబ్బు) అనుకోవాలి. అప్పుడు మజ్జ నీరు ఒక్కటి లాగితే చాలదు, ఎముక ముక్క కూడా తీయాలి. నీరు రాలేదని వదిలేస్తే జబ్బు మూలుగలోనే దాక్కుని ఉండిపోతుంది. స్మియర్‌లో ఒక్క బ్లాస్ట్ (పక్వం కాని కణం, లుకేమియా అనుమానం) కనబడినా అదే రోజు విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికో, హెమటాలజీ ఉన్న ఇంకో చోటికో పంపాలి. ఆ బ్లాస్టుల్లో కట్టెపుల్లల కట్టల్లాంటి ఆవర్ రాడ్లు ఉండి, ఒంటి నిండా రక్తపు మచ్చలుంటే ప్రోమైలోసైటిక్ లుకేమియా. అందులో మొదటి రోజుల్లోనే మెదడులో రక్తస్రావమై పోతారు. అనుమానంతోనే దానికి వాడే ఏటీఆర్ఏ మందు మొదలుపెడతారు.

పిల్లలవార్డు:
దానికి ఒకటి కలపాలి. పిల్లాడికి కాళ్ళనొప్పులు, పాలిపోవడం, ప్లేట్‌లెట్లు తక్కువ ఉంటే స్మియర్ చూడకుండా స్టెరాయిడ్ ఇవ్వకండి. లుకేమియా అయితే బ్లాస్టులు కొన్నాళ్ళు మాయమై, నిర్ధారణ ఆలస్యమవుతుంది.

జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైము) లోపం కూడా. వైవాక్స్ మలేరియాకు ప్రైమాక్విన్ ఇచ్చాక మూత్రం కాఫీ రంగుకు మారితే మందు వెంటనే ఆపండి. ఆ వారంలోనే జీ6పీడీ పరీక్ష చేస్తే మామూలుగా వచ్చే అవకాశం ఉంది. పాత కణాలు పగిలిపోయి, ఎంజైము ఎక్కువున్న కొత్తవే మిగులుతాయి. మూడు నెలలకు మళ్ళీ చేయించాలి.

పీహెచ్‌సీ_డ్యూటీ:
మొదటామె రిపోర్టు వచ్చింది. హెచ్‌బీ ఏ2 5.4 శాతం, ఫెరిటిన్ 38, సీఆర్‌పీ మామూలు. భర్త సీబీపీ ఇక్కడే చేయించాను: హిమోగ్లోబిన్ 14.2, ఎంసీవీ 86, ఎంసీహెచ్ 28.6. ఇతనిది బాగుంది కాబట్టి ఇక్కడితో ఆపేయవచ్చా? ఆమెకు ఐరన్ ఆపాలా?

ప్రసూతి_ఎంవీపీ:
ఆపకండి, రెండూ ఆపకండి. సికిల్ క్యారియర్‌కు ఎంసీవీ మామూలుగానే ఉంటుంది, సీబీపీ చూసి వదిలేస్తే కనబడదు. భర్తది అరకు ప్రాంతమే అయితే హెచ్‌పీఎల్‌సీ చేయాల్సిందే. అతనిలో ఎస్ బయటపడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు సికిల్ బీటా థలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరిదీ మేనరికమా అని కూడా అడిగి చీటీ మీద రాయండి.

ఆమె క్యారియర్ అయినంత మాత్రాన గర్భిణులకు ఇచ్చే రోజువారీ ఐరన్, ఫోలిక్ మాత్ర మానిపించకూడదు. ఫెరిటిన్ 38 ఏమంత పెద్ద నిల్వ కాదు, బిడ్డకు కావాలి. కానీ హిమోగ్లోబిన్ 10.4 ఉందని ఇంజెక్షన్ ఐరన్ ఎక్కించవద్దు. ఆ అంకె ఆమెకు సహజం.

భర్త పాజిటివ్ అయితే బిడ్డ పరీక్షకు ముందు తల్లిదండ్రులిద్దరి జన్యులోపం డీఎన్ఏలో తేల్చాలి, అది లేకుండా మావి ముక్క తీసి లాభం లేదు. మావి ముక్క తీయడం 11వ వారం నుంచి, ఉమ్మనీరు 15వ వారం తర్వాత. ఇప్పుడు ఆమెకు పదో వారం నడుస్తూ ఉండాలి. అందుకే భర్త హెచ్‌పీఎల్‌సీతోపాటే ఇద్దరి డీఎన్ఏ శాంపిల్ కూడా తీసి పెట్టమనండి, రెండోసారి ఘాట్ దిగి రానక్కర్లేదు.

పీహెచ్‌సీ_డ్యూటీ:
రేపు పొద్దున మొదటి బస్సుకు భార్యాభర్తలిద్దరినీ పంపుతున్నాను మేడమ్. ఇక్కడి సీబీపీ ప్రింట్లు, రెండు స్లయిడ్లు వాళ్ళ చేతికే ఇస్తాను.

రక్తనిధి_బల్ల:
భర్తకు గడిచిన మూడు నెలల్లో ఎప్పుడైనా రక్తం ఎక్కించారేమో అడిగి, అదీ చీటీ మీద రాయండి డాక్టర్ గారూ.